పాస్‌బుక్‌లో పొలం, శనివారం లాడ్జి

గండిమైసమ్మ చౌరస్తాలో శుక్రవారం సాయంత్రం ఆరు దాటాక ఓ గంట నిలబడి చూడండి. బాచుపల్లి వైపు నుంచి, సూరారం వైపు నుంచి వచ్చే కార్లు ఒక్కొక్కటే పక్కకు ఆగుతాయి. చికెన్ కవర్లు, బొగ్గుల సంచులు, ఐసు గడ్డలు, సోడా కేసులు, వైన్‌షాపు అట్టపెట్టెలు ఎక్కుతాయి. ఒక బండి వెనక మనిషెత్తు స్పీకరు తాళ్లతో కట్టి ఉంటుంది. కొందరు దిగి అమ్మవారికి దండం పెట్టుకుని మరీ బయల్దేరతారు. అక్కడి నుంచి సగం బండ్లు నర్సాపూర్ రోడ్డు పడతాయి, సగం మేడ్చల్ మీదుగా శామీర్‌పేట దిక్కు పోతాయి. ఆదివారం రాత్రికి అన్నీ వాపస్. ఆ రెండు రాత్రులు మా ఊళ్లకు నిద్ర ఉండదు. సోమవారం పొద్దున చాలా బోర్లలో నీళ్లుండవు.

సరదా పడటం తప్పని రాయడం లేదు. వారమంతా హైటెక్ సిటీలో కంప్యూటరు ముందు నడుం పడిపోయేలా కూర్చున్నవాళ్లకు రెండు రోజులు చెట్టు నీడ కావాలి. అపార్టుమెంటు పిల్లలకు మట్టి కావాలి. నా కోపం ఆ నీడను అమ్ముతున్న పద్ధతి మీద. నేను చూసినంతలో ఈ చుట్టుపక్కల రాత్రి లెక్కన అద్దెకిచ్చే ఫామ్‌హౌస్‌లు ఏ లెక్కలోకీ రాని లాడ్జీలు. ఎవరూ వాటిని అడగరు. అడగాల్సినవాళ్లలో కొందరు అక్కడే దావత్‌కు పోయి వస్తుంటారు కాబట్టి ఇకముందు అడుగుతారన్న ఆశ కూడా తక్కువే.

మేడ్చల్‌లో పది గదుల లాడ్జి నడిపేవాణ్ణి పలకరించండి. ట్రేడ్ లైసెన్సు అంటాడు, ఫైరువాళ్ల పత్రం అంటాడు. కరెంటు బిల్లు కమర్షియల్ కేటగిరీలో, ఆస్తి పన్ను కమర్షియల్ లెక్కన. దిగిన ప్రతి మనిషి ఆధార్ జిరాక్సు తీసి రిజిస్టరులో రాయాలి. అర్ధరాత్రి ఎవరైనా వచ్చి ఆ రిజిస్టరు అడిగితే లేచి చూపించాలి. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటిందంటే 18 శాతం జీఎస్టీ. అదే మనిషి రోడ్డు దిగి రెండు కిలోమీటర్లు లోపలికి పోయి, ఎకరం చెల్కలో నాలుగు పడకగదుల బిల్డింగు కట్టి, ముందు లాన్ పరిచి, వెనక ఈతకొలను తవ్వి, ఇన్‌స్టాగ్రామ్‌లో డ్రోన్‌తో తీసిన రీల్ పెట్టి, రాత్రికి ముప్ఫై మందిని దింపుకుంటే? పైన చెప్పినవాటిలో ఒక్కటీ పట్టించుకోకుండా బతికేయొచ్చు. బుకింగ్ వాట్సాప్‌లో, అడ్వాన్సు ఫోన్‌పేలో, మిగతాది గేటు దగ్గర నోట్ల రూపంలో. పట్టా పాస్‌బుక్‌లో మాత్రం అది ఇంకా పొలమే.

పొలాన్ని వేరే పనికి వాడాలంటే రుసుము కట్టి మార్చుకోవాలని 2006 నాటి నాలా చట్టం చెబుతుంది. చట్టం ఉంది, రుసుము ఉంది, రికార్డు ఉంది. భూ రికార్డుల కోసం 2020లో ధరణి పోర్టల్ తెచ్చారు, 2025లో భూభారతి తెచ్చారు. పోర్టల్ మారిన ప్రతిసారీ రైతు మీసేవ చుట్టూ, తహసీల్ ఆఫీసు చుట్టూ తిరిగాడు. ఒక గుంట అటో ఇటో పడితే వాడి బతుకు ఏళ్ల తరబడి పెండింగులో పడింది. మరి రికార్డులో వ్యవసాయమని రాసి ఉన్నచోట శాటిలైట్ మ్యాపులో నీలిరంగు కొలను కొట్టొచ్చినట్టు కనబడుతుంటే, ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసే ఉద్యోగి ఒక్కడూ ఎందుకు లేడు? మా ఊరి పిల్లలు సెల్‌ఫోన్‌లో నిమిషంలో చూసి చెప్పేస్తారు, ఏ కొలను ఎవరిదో.

కొలను సంగతే తీసుకుందాం. 30 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, సగటున నాలుగున్నర అడుగుల లోతు. రీళ్లలో చూపించేవాటి ముందు ఇది చిన్నదే. పట్టే నీళ్లు దాదాపు 57 వేల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లయితే పదకొండు పైన. ఫిల్టరు మిషను సరిగా తిప్పి, మందు సరిగా కలిపితే అవే నీళ్లు నెలల తరబడి వాడుకోవచ్చు. సిటీలో మంచి హోటళ్లన్నీ చేసేది అదే. కానీ మిషనుకు ఖర్చు, మందుకు ఖర్చు, తెలిసిన మనిషిని పెట్టుకుంటే జీతం. శనివారం ముప్ఫై మంది బీరు సీసాలతో, తలనూనెతో, కబాబు చేతులతో దిగిన కొలనుకు ఆదివారం మధ్యాహ్నం ఉన్న చౌకైన మార్గం ఒక్కటే. ప్లగ్గు పీకి కాలవలోకి వదిలేయడం, బోరు మోటరు ఆన్ చేయడం. ఎందుకంటే బోరుకు ఖర్చు లేదు.

2018 జనవరి 1 నుంచి ఈ రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు. రైతు పంపుసెట్టుకు మీటరు లేదు. ఎండిన వరి మడిని బతికించడానికి ప్రజలు పన్నులు కట్టి ఇచ్చిన కరెంటది. దాంతో నిండిన కొలనులో నియాన్ లైట్లు వేసి, బాతు ఆకారం ట్యూబు మీద పడుకుని సెల్ఫీ దిగుతున్నాం మనం. మనం అనే అంటున్నాను. ఆ రీళ్లకు లైకులు కొట్టేది మన ఇళ్లలోని పిల్లలే.

ఇంకో ముచ్చట. 2018 మేలో మొదలైన రైతుబంధు పథకం ఎకరానికి ఏడాదికి 8 వేలు, తర్వాత 10 వేలు ఇచ్చింది. పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్లకిచ్చింది. చెమటోడ్చిన కౌలు రైతుకు పైసా రాలేదు, పదెకరాల తోట ఉన్న జూబ్లీహిల్స్ ఆసామికి ఏటా లక్ష పడింది. 2025 జనవరిలో దాన్ని రైతుభరోసా చేసి 12 వేలకు పెంచినప్పుడు, సాగులో లేని భూములకు, వెంచర్లకు ఇవ్వబోమన్నారు. మంచి మాటే. అందుకేనేమో, ఇప్పుడు ఫామ్‌హౌస్ ప్రహరీల వెంట రెండేసి వరసల మామిడి మొక్కలు మొలుస్తున్నాయి. కాయలు కాస్తాయో లేదో గానీ, సాగు జరుగుతోందని చెప్పడానికి ఫోటోలో బాగుంటాయి.

నీళ్ల దగ్గరికి మళ్లీ వస్తాను, అసలు మంట అక్కడే. మా కాళ్ల కింద ఉన్నది బండ. దక్కన్ గ్రానైటు. నీళ్లు దాని పగుళ్లలో మాత్రమే దాక్కుంటాయి. ఒకే పగులు మీద రెండు బోర్లు పడ్డాయంటే లోతుగా దింపినవాడిదే గెలుపు. పాలకూర, మెంతికూర పండించే రైతు 300 అడుగులకు దింపితే పక్కన కొలను కట్టినవాడు 1,000 అడుగులు దింపుతాడు. ఇలాంటి పోటీ వద్దనే 2002లో వాల్టా చట్టం తెచ్చారు. కొత్త బోరుకు అనుమతి ఉండాలి, ఉన్న బావులకు, బోర్లకు దూరం పాటించాలి. బోయిన్‌పల్లి మార్కెట్‌కు ఆకుకూరలు వేసే ఒకాయన్ని నేనడిగాను, వాల్టా సంగతి తెలుసా అని. "తెల్వది సార్. నాకు తెల్సిందొక్కటే. సోమారం పొద్దుగాల మోటరేస్తే గాలి ఒస్తది. వాళ్ల కొలను నిండినంక మంగళారానికి సన్నగ నీళ్లు మొదలైతయి" అన్నాడు. భూగర్భ జలశాఖ రాసే ఏ నివేదికకన్నా ఆ సోమవారం, మంగళవారం తేడా నాకు స్పష్టంగా అర్థమైంది.

ఇదే నేల మీద ఒకప్పుడు ద్రాక్ష తోటలుండేవి. మేడ్చల్, శామీర్‌పేట వైపు పందిళ్ల మీద అనాబ్-ఇ-షాహీ గుత్తులు వేలాడేవి. ఎండాకాలం బస్సు దిగినవాళ్లు తోటలోనే కొనుక్కుని తింటూ పోయేవాళ్లు. ఆ తోటలు ఇప్పుడు లేవు. నీరు అడుగంటింది, భూమి రేటు ఆకాశానికంటింది, ఔటర్ రింగు రోడ్డు వచ్చింది, పందిరి గుంజలు పీకి ప్లాటు రాళ్లు పాతారు. ద్రాక్షకు చాలని నీళ్లు స్విమ్మింగ్‌పూల్‌కు ఎలా చాలుతున్నాయో ఎవరైనా చెబితే వినాలని ఉంది.

ఇక ఆ ఇళ్లలో నిజంగా ఉండేవాళ్ల సంగతి. ఓనరు ఉండడు. కోకాపేటలో ఉంటాడు, లేకపోతే డల్లాస్‌లో ఉంటాడు. ఉండేది వాచ్‌మన్ కుటుంబం. ఓ ఆదివారం మధ్యాహ్నం తెరిచి ఉన్న గేటులోంచి లోపలికి పోయాను. జనరేటర్ పక్కన రేకుల గది. వాచ్‌మన్‌ది నారాయణఖేడ్ దిక్కు. భార్య చేతిలో పొడవాటి జాలి కట్టె. కొలనులోంచి ఒక్కొక్కటే తీసి గట్టు మీద వేస్తోంది: సీసా మూతలు, సిగరెట్ పీకలు, వాచిపోయిన చపాతీ ముక్క, పసిపిల్లల డైపరు, ఒక చెప్పు. రెండో చెప్పు కోసం ఎవరో ఫోన్ చేశారట, వెతికి కొరియర్ చెయ్యమని. గేటు పక్కన సంచుల నిండా ఖాళీ సీసాలు. "ఇవి అమ్ముకునుడే మాకు బోనస్ సార్" అంది నవ్వుతూ. జీతం ఎంత, ఎవరికి అని అడిగితే చెప్పింది. జీతం ఆయనకే. కొలను కడగడం, పదకొండు దుప్పట్లు ఉతకడం, వాంతులు ఎత్తడం, అర్ధరాత్రి ఉల్లిగడ్డలు తరిగివ్వడం ఆమె పని. దానికి వేరే జీతం లేదు. జంటను పనికి పెట్టుకుంటే ఒక్కరి కూలికి ఇద్దరొస్తారు. "పిల్లగాడు నిద్రపోతడా అన్నా, ఆ సౌండుకు?" అని వాచ్‌మన్‌ను అడిగాను. "చెవులల్ల దూది వెడ్తం సార్. అలవాటైంది" అన్నాడు. పిల్లాడికి అయిదేళ్లుండవు.

సౌండు గురించి చట్టం ఏమంటుందో చెప్పాలా? శబ్ద కాలుష్య నియమాలు 2000లోనే వచ్చాయి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు కుదరదు. జనం కాపురముండే చోట రాత్రిపూట 45 డెసిబెల్స్ దాటకూడదు. 2005లో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. మా దగ్గర పగలు దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ శిక్షణ విమానాలు తల మీద తిరుగుతుంటాయి. దాన్ని ఎవరూ తప్పుపట్టరు, మన పిల్లలే కదా ఎగరడం నేర్చుకుంటున్నారు అనుకుంటాం. రాత్రిపూట మోగేది దేశరక్షణ కాదు కదా. ఫిర్యాదు చేస్తే బండి వస్తుంది, గేటు దగ్గర ఆగుతుంది, సౌండు తగ్గుతుంది. బండి పోతుంది, సౌండు పెరుగుతుంది. ముసలివాళ్లు మంచం మీద అటూ ఇటూ పొర్లుతుంటారు.

ఏ ఇల్లు ఎంతమందికి, కొలను దగ్గర ఎవరు కాపలా, మంటలు లేస్తే నీళ్లెక్కడ, కరెంటు తీగ తడి గచ్చు మీద ఎందుకుంది, ఇవన్నీ లాడ్జిలో అడిగే ప్రశ్నలు. ఫామ్‌హౌస్‌లో అడగరు. అడగనిచోట జనం చస్తారు. 2025 జులైలో వికారాబాద్ దగ్గర సర్పన్‌పల్లి ప్రాజెక్టులో విహారపడవ బోల్తాపడి ఇద్దరు మహిళలు చనిపోయారు. వారం రోజులు హడావుడి చేశారు, తనిఖీలన్నారు. తర్వాత వానాకాలం వీకెండ్ సీజను మొదలైంది, ఎవరి పనుల్లో వాళ్లు పడిపోయారు.

సర్పన్‌పల్లి పేరు రాగానే పడమటి కొండల సంగతి చెప్పక తప్పదు. మా మేడ్చల్ వైపు చాలక ఈ దందా అనంతగిరి ఎక్కింది. హైదరాబాద్‌కు పడమట మనకున్న కాసిని పచ్చని కొండలవి. మూసీ పుట్టేది అక్కడే. ఒకప్పుడు క్షయ రోగులను ఆ గాలి కోసం అక్కడి శానిటోరియానికి పంపేవాళ్లు. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచేసిన తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది. మూడు తరాల హైదరాబాదీలు తాగింది ఆ కొండల మీద పడ్డ వాననే. ఇప్పుడు అదే కొండ వాలు మీద, అదే వాగు ఒడ్డున, 'రివర్ వ్యూ' అని బోర్డు పెట్టి టెంట్లు వేస్తున్నారు. ఆఫ్‌రోడ్ అంటూ పెద్ద టైర్ల జీపులు వాగు మధ్యలో తిప్పుతున్నారు. కింద నగరంలో మూసీకి పునరుజ్జీవం పోస్తామని ప్రభుత్వం వేల కోట్ల లెక్కలు చెబుతోంది. పైన పుట్టే చోట నది నోట్లో బురద కొడుతున్నారు. స్వదేశ్ దర్శన్ 2.0 పథకం కింద అనంతగిరిని ఎంపిక చేశామని కేంద్రం, కొత్త టూరిజం పాలసీ అని రాష్ట్రం. పాలసీలో 'ఎకో' అన్న రెండక్షరాలు ఎన్నిసార్లు వస్తే అన్ని రిసార్టులు లేస్తున్నాయి.

ఇక్కడొక మాట, కొంచెం పక్కదారి. అనంతగిరి పక్కనే దామగుండం అడవిలో నౌకాదళ సమాచార ప్రసార కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. సుమారు 2,900 ఎకరాల అడవి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, పర్యావరణం పట్టినవాళ్లు ధర్నాలు చేశారు. దేశ అవసరమా, అడవి నష్టమా అనే వాదనలో నేను ఎటో మీకు చెప్పను, అది వేరే వ్యాసం. నేను గమనించింది ఒక్కటే. అడవి మా ఊపిరి అని రీళ్లు పెట్టే రిసార్టుల వ్యాపారుల్లో ఒక్కడు కూడా ఆ ధర్నాల్లో నాకు కనబడలేదు.

ఈ దందాకు కాపలాగా నిలబెట్టే వాదన ఒకటుంది: ఉపాధి వస్తోంది కదా. ఏం ఉపాధి? రేకుల గదిలో వాచ్‌మన్, జీతం లేని ఆయన భార్య, వారానికోసారి గడ్డి కోసే కుర్రాడు. చికెన్ గండిమైసమ్మలో కొంటారు, బిర్యానీ స్విగ్గీలో వస్తుంది, డీజే సిటీ నుంచి వస్తాడు, డబ్బు తిరిగి సిటీకే పోతుంది. ఊరికి మిగిలేది చెత్త. పర్యాటకంలో ఊరికి డబ్బు మిగిలేలా చేయడం మనకు తెలియని విద్యేం కాదు. తూర్పు కనుమల్లో మారేడుమిల్లికి పోయి చూడండి. అటవీశాఖ, గిరిజనుల వన సంరక్షణ సమితులు కలిసి విడిది నడుపుతున్నాయి. గదులు చూసేది వాళ్లు, వండేది వాళ్లు, దారి చూపేది వాళ్లు. అక్కడ పని చేసేది ఊరి మనిషే, జీతం పోయేది ఊరి ఇంటికే. బొంగులో చికెన్ తిన్న డబ్బు ఆ బొంగు నరికిన మనిషి చేతికి చేరుతుంది. అక్కడ అన్నీ సవ్యంగా ఉన్నాయని కాదు, కానీ కుదుర్చుకోవాలనుకుంటే కుదురుతుంది.

మా దగ్గర అడవి కూడా ఉంది, మరిచిపోకండి. దుండిగల్ దాటితే ఖాజీపల్లి రిజర్వు ఫారెస్టు. 2020లో సినీనటుడు ప్రభాస్ అందులో 1,650 ఎకరాలు దత్తత తీసుకుని 2 కోట్లు ఇచ్చినప్పుడు పేపర్లన్నీ రాశాయి. ఇంకొంచెం ముందుకు పోతే నర్సాపూర్ అడవి. అదే ఏడాది జూన్‌లో మొక్కలు నాటే హరితహారం ఆరో విడత అక్కడి అర్బన్ పార్కులోనే మొదలుపెట్టారు. మరి ఆదివారం ఆ రోడ్డు మీద జరిగేదేంటి? కార్లు వరసగా ఆగుతాయి, అద్దం దించి కోతులకు అరటిపళ్లు, చిప్స్, ఒక్కోసారి కూల్‌డ్రింకు. పుణ్యమట. ఆ కోతులు అడవిలో పండు వెతకడం మానేసి రోడ్డు మీద కూర్చుంటాయి, టైరు కింద పడతాయి, మిగిలినవి ఊళ్లోకి దిగి రైతు మక్కచేనులో పడతాయి. ఆ రైతుకు ఈ పుణ్యంలో వాటా లేదు.

వీకెండ్‌కు ఇక్కడికొచ్చే ఈ కుటుంబాలవాళ్లే అమెరికాలో ఎలా ఉంటారో నాకు తెలుసు, మన ఇళ్లవాళ్లే కదా. బే ఏరియాలోని మన పిల్లలు లాంగ్ వీకెండ్ వస్తే కాలిఫోర్నియా కొండల్లో టాహో సరస్సు దగ్గర క్యాబిన్ అద్దెకు తీసుకుంటారు. రాత్రి పదయితే గొంతు తగ్గిస్తారు, ఫైన్ పడుతుందని. ఎలుగుబంటి తెరవలేని ఇనుప పెట్టెలో చెత్త వేసి గడియ పెడతారు. ఎనిమిది మందికి అన్నచోట తొమ్మిదో మనిషిని తెచ్చుకోవాలంటే భయపడతారు. అక్కడ సౌత్ లేక్ టాహో ఊరివాళ్లు 2018లో ఓట్లేసి మరీ, ఇళ్ల మధ్య ఇలాంటి అద్దెలకు అడ్డుకట్ట వేసుకున్నారు. అది తర్వాత కోర్టుకెక్కింది, అది వేరే సంగతి. ఆ ఊరివాళ్లకు కనీసం ఓటేసే అవకాశం దొరికింది. అక్కడ అంత బుద్ధిమంతుడైనవాడు సంక్రాంతి సెలవులకు ఇక్కడికొచ్చి శామీర్‌పేటలో నలభై మందిని పిలిచి తెల్లారేదాకా డీజే పెడతాడు. మనిషి అదే. మారింది అడిగే నాథుడు.

ఏం చెయ్యాలన్నదానికి కమిటీలు అక్కర్లేదు. ఒక్క షరతు చాలు: రాత్రి లెక్కన ఇల్లు అద్దెకిచ్చేవాడు ఆ ఇంట్లో కాపురముండాలి. ఇది నా బుర్రలో పుట్టింది కాదు. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంలోనే ఉంది, యజమాని కుటుంబంతో అక్కడే ఉండాలని, గదులు ఆరు దాటకూడదని. న్యూయార్క్ నగరం 2023 సెప్టెంబరు నుంచి ఇదే అమలు చేస్తోంది. నెల రోజుల లోపు అద్దెకిస్తే ఇంటివాడు ఇంట్లో ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు. బార్సిలోనా ఇంకా ముందుకు పోయింది, 2028 నవంబరు నాటికి టూరిస్టు ఫ్లాట్ల లైసెన్సులన్నీ ఎత్తేస్తామంది. ఇంటివాడు పక్క గదిలో పడుకుని ఉంటే డీజే రెండింటి దాకా మోగదు. కొలను నీళ్లు వదిలేసే ముందు తన బోరు గుర్తుకొస్తుంది. పొద్దున పాలు పోసేవాడి ముఖం చూడాలి కాబట్టి కాస్త సిగ్గు కూడా ఉంటుంది. అక్కడ ఉండలేనివాడు లాడ్జి లైసెన్సు తీసుకుని, నాలా రుసుము కట్టి, కమర్షియల్ మీటరు పెట్టుకుని, రిజిస్టరు రాసుకుని నడుపుకోవచ్చు. వ్యాపారం చెయ్యొద్దని ఎవరన్నారు?

'మా భూమి మా ఇష్టం' అంటారు. సరే, మీ భూమే. కరెంటు ఎవరిది? కింద పగుల్లోని నీళ్లు ఎవరివి? రాత్రి గాలిలో వచ్చే చప్పుడు మీ ప్రహరీ గోడ దగ్గర ఆగుతుందా? రైతుబంధు తీసుకున్నప్పుడు మీరు రైతు, అడ్వాన్సు తీసుకున్నప్పుడు హోటల్‌వాలా, నోటీసు వస్తే మళ్లీ రైతు. ఇన్ని వేషాలు వేయడం ఎమ్మెల్యేలకే చేతనవుతుందనుకున్నాను. అయినా, 2022 అక్టోబరులో మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లో ఎమ్మెల్యేల బేరసారాల కేసుతో రాష్ట్రం మొత్తం దద్దరిల్లిన చోట, ఫామ్‌హౌస్ అంటే ఏమిటో సామాన్యుడికి నేను కొత్తగా చెప్పేదేముంది.

ప్రభుత్వానికి చేతకాదని మాత్రం ఎవరూ చెప్పొద్దు. 2024 సెప్టెంబరులో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ యంత్రాలు మా పక్కనే మల్లంపేటలో కత్వ చెరువు మీదికి వచ్చి, చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దులో (ఎఫ్‌టీఎల్) కట్టిన విల్లాలను పడగొట్టాయి. ఆ కూల్చివేతల్లో అప్పు చేసి కొనుక్కున్న మధ్యతరగతివాడు ఏడ్చాడు, అమ్మినవాడు ఏడ్చాడో లేదో తెలియదు. నేను జేసీబీలు పంపమని అడగడం లేదు. ఆకుకూరల రైతు పక్కన ఎవరి ఇల్లూ కూలనక్కర్లేదు. వ్యవసాయ కనెక్షన్‌కు ఈతకొలను కనబడిన చోట ఆ కనెక్షన్ కేటగిరీ మార్చండి. అద్దె రీల్ కనబడిన సర్వే నంబరుకు రైతుభరోసా ఆపండి. ఆపిన డబ్బును ఆ ఊరి కౌలు రైతుకు ఇవ్వండి. రేకుల గదిలో ఉన్న ఆడమనిషికి ఆమె పేరున జీతం ఇప్పించండి.

ఇందుకు సర్వే చెయ్యాలి, సిబ్బంది లేరు, యాప్ తయారవుతోంది అంటారని తెలుసు. తహసీల్దారు, కరెంటు ఏఈ, ఎస్సై, ముగ్గురూ ఒకే జీపులో ఒక్క శనివారం రాత్రి పదకొండుకు నర్సాపూర్ రోడ్డెక్కితే చాలు. దారి ఎవర్నీ అడగనక్కర్లేదు, పాట వినబడే దిక్కుకు పోవడమే.